ఊఁ కొట్టేవాళ్ళు లేని గదిలో కథ

(జివతిలో చేసిన స్మారక ఉపన్యాసం పాఠం)

అధ్యక్షుల వారికి, వేదిక మీది పెద్దలకు, గూడేల నుంచి వచ్చిన అక్కలకు, అన్నలకు, కెరమెరి వైపు నుంచి గుట్టెక్కి వచ్చిన బంధువులకు నమస్కారం. రాం రాం. జై సేవా. ఒకే సభలో మూడు పలకరింపులూ కావలసిన ఊళ్ళు తెలుగు మాట్లాడే నేల మీద ఎక్కువ లేవు. వెనక బెంచీల పిల్లలకు మరాఠీలో నాలుగోది కూడా ఉంది: గప్ప్ బసా, అంటే చప్పుడు చేయకుండా కూర్చోండి.

ఎవరి జ్ఞాపకార్థం ఇక్కడ కూర్చున్నామో ఆయన పేరు ఆహ్వానం మీద ఉంది, నా వెనక బ్యానర్ మీద ఉంది. నేను మాత్రం పేరు పలకను. చదువు చెప్పిన మనిషిని పేరు పెట్టి అనడం మన వైపు అలవాటు లేదు. సగం మంది ఆయన్ని సారు అన్నారు, సగం మంది గురూజీ అన్నారు. రెంటికీ పలికేవారు.

ఈ ప్రాంతం 1956 దాకా హైదరాబాద్ రాష్ట్రంలో, ఆదిలాబాద్ జిల్లా రాజురా తాలూకాలో ఉండేది. తర్వాత కొన్నాళ్ళు నాందేడ్ జిల్లా, 1959 నుంచి చాందా, అంటే ఇప్పటి చంద్రపూర్ జిల్లా. గీతలు జరిగాయి గానీ తగవు పూర్తిగా తెగలేదు. పద్నాలుగు ఊళ్ళను మహారాష్ట్ర, తెలంగాణ రెండూ మావేనంటాయి. అక్కడి ఇళ్ళలో రేషన్ కార్డులు రెండు, ఓటు కార్డులు రెండు. కాగితాలు కూడా రెండు భాషల్లో వస్తాయి. ఆ కాగితాలు చదివి వినిపించడం సారు సాయంత్రాల పని. అటవీ శాఖ నోటీసు, బ్యాంకు ఉత్తరం, బల్లార్షాలో కూలికి పోయిన కొడుకు రాసిన నాలుగు ముక్కలు.

ఆయన చదివే పద్ధతి మీలో చాలామంది చూసే ఉంటారు. కాగితం చేతికి రాగానే పైకి చదివేవారు కాదు. ముందు మొత్తం తనలో చదువుకునేవారు. చెడ్డ కబురైతే, నిలబడ్డ మనిషిని ముందు కూర్చోమనేవారు. అప్పుడు మొదలుపెట్టి, రెండు వాక్యాలకోసారి ఆగి, ఎదుటి మొహం చూసి, మళ్ళీ చదివేవారు. ఆడియో పుస్తకాలు చదివేవాళ్ళకు ఇవాళ పెద్ద పెద్ద నగరాల్లో నేర్పే పాఠాల్లో సగం ఇందులో ఉన్నాయి. అందుకే నిర్వాహకులు విషయం నన్నే ఎంచుకోమన్నప్పుడు కథ చదివే గొంతుల గురించి మాట్లాడతానన్నాను.

నేను చెప్పదలచుకున్నది ఒకటే. మంచి గొంతు ఉన్నంత మాత్రాన కథకుడు తయారు కాడు. అడ్డు తగలగలిగిన శ్రోత ఉంటే తయారవుతాడు. ఆ శ్రోత ఎదురుగా లేనప్పుడు అతన్ని తనలోనే కూర్చోబెట్టుకున్నవాడి గొంతును మనం ఏళ్ళ తరబడి మరచిపోం.

1

మొదట మీ ఇంటి సంగతి. గోండు ఇళ్ళకు ప్రధాన్లు కథ చెబుతారు. ఒక్కో ప్రధాన్ కుటుంబానికి ఒక్కో గోండు వంశంతో తరాల కట్టుబాటు. చేతిలో కింగ్రి వాద్యం, పక్కన పాట అందుకునే తోడు, వంశ దేవత పెర్సపేన్ పూజలో ఆ వంశం పుట్టుక కథ. చావులోనూ వాళ్ళే రావాలి. ప్రతిఫలం ధాన్యంగానో పశువుగానో ముట్టేది. మానవశాస్త్రవేత్త క్రిస్టోఫ్ ఫాన్ ఫ్యూరర్ హైమన్‌డార్ఫ్ 1940లలో మార్లవాయి గూడెంలో ఉండి వీటిని రాసుకున్నాడు. 1948లో వచ్చిన ఆయన పుస్తకం 'ద రాజ్ గోండ్స్ ఆఫ్ ఆదిలాబాద్'లో ఈ కథలకు చాలా చోటుంది.

అందులో ఒక సంగతి దగ్గర నేను చాలాకాలం ఆగిపోయాను. ఈ ప్రాంతపు ప్రధాన్లు ఇంట్లో మాట్లాడుకునేది మరాఠీ. కథ చెప్పేది గోండీలో. అంటే వినేవాళ్ళ భాషలో, వినేవాళ్ళ దేవుడి కథను, వేరే ఇంటి భాషవాడు వాళ్ళ ముందే కూర్చుని చెప్పాలి. పైగా ఆ కథ వినేవాళ్ళకు ముందే తెలుసు. పెద్దన్న ఎటు పోయాడో, ఏ వాగు దగ్గర ఏం జరిగిందో చిన్నప్పటి నుంచీ విన్నదే.

తెలిసిన కథే అయితే ఇతను చేసేదేమిటి? నా లెక్కలో కథకుడికి ఇంతకంటే కష్టమైన పరీక్ష లేదు. ఏమవుతుందోనన్న ఉత్కంఠ అతనికి సాయం రాదు. కొత్తదనం సాయం రాదు. ఒక పేరు ముందు వెనకలైతే, ఒక దేవుడిని దాటేస్తే, ముందు వరసలో ముసలాయన తల ఎత్తుతాడు. అతని చెవి పెట్టిన హద్దులోనే ఇతని గొంతు తిరగాలి. పుష్య మాసంలో జంగుబాయి దేవత దగ్గరకు పోయేవాళ్ళు ఈసారి కథ చెప్పేవాడి వైపు కాకుండా వినే పెద్దల వైపు చూడండి. వాళ్ళ మొహాల్లో తీర్పు కనబడుతుంది.

2

బుర్రకథ వాళ్ళు ఇంకో ఉపాయం చేశారు. శ్రోతను వేదిక మీదకే ఎక్కించారు. నడుమ తంబురాతో కథకుడు, రెండు పక్కలా గుమ్మెటలతో వంతలు. ఒకాయన రాజకీయం చెబుతాడు, ఒకాయన హాస్యం. వాళ్ళు వంత పాడేవాళ్ళే గానీ, సగం పని మన తరఫున ప్రశ్నలు వేయడం. అదెట్లా జరిగింది, ఆమె ఏమన్నది, రాజు ఊరుకున్నాడా? కథకుడు వేగం పెంచితే వాళ్ళు పట్టి ఆపుతారు. బుర్రకథ కథకుడు షేక్ నాజర్‌కు 1986లో పద్మశ్రీ వచ్చింది. పల్నాటి యుద్ధం ఆయన చెబుతుంటే జనం రాత్రుళ్ళు కదలకుండా కూర్చున్నారంటే, ఆయన గొంతుకూ అడుగుకూ ఎంత పేరివ్వాలో పక్కన ఆ ఇద్దరికీ కొంత ఇవ్వాలి. ఆయన ఆత్మకథ 'పింజారి' కూడా ఆయన చెప్పగా ఇంకొకరు రాసిందే. చెప్పే మనిషి చివరిదాకా చెబుతూనే ఉన్నాడు.

ఒగ్గు కథలో మిద్దె రాములు, చుక్క సత్తయ్య పేర్లు మీకు తెలియనివి కావు. వాళ్ళ గురించి వేరే సభ పెట్టుకోవాలి. ఇవాళ ముందుకు పోదాం.

3

ఇక్కడి అడవిలో ఎండాకాలం తునికాకు కోస్తారు. ఆ ఆకుతో బీడీలు చుట్టే అక్కలు రేడియో పెట్టుకుని చుడతారు. క్యూబాలో చుట్టలు చుట్టే కార్మికులు రేడియో పుట్టకముందే మనిషిని పెట్టుకున్నారు.

1865లో హవానాలోని ఎల్ ఫిగారో అనే చుట్టల కార్ఖానాలో ఇది మొదలైంది. కార్మికులు తలా కొంత వేసుకుని ఒక చదువరికి జీతం ఇచ్చారు. అతను ఎత్తు పీట మీద కూర్చుని పొద్దున వార్తలు, తర్వాత నవల చదివేవాడు. ఏ నవల చదవాలో కార్మికులు తేల్చేవారు. మరుసటి ఏడే ప్రభుత్వం దీన్ని నిషేధించింది. వినే కూలివాడంటే దొరతనానికి భయం ఎక్కడైనా ఒకటే. నిషేధం నిలవలేదు, ఆచారం నిలిచింది. మాంటే క్రిస్టో అనే చుట్టకు ఆ పేరు వచ్చింది అట్లా చదివి వినిపించిన డ్యూమా నవల నుంచే.

నాకు ఇందులో ముఖ్యమైనది చప్పట్ల సంగతి. వాళ్ళ చేతుల్లో పొగాకు కోసే వంకర కత్తి ఉంటుంది. చదువు నచ్చితే ఆ కత్తితో బల్ల మీద కొట్టేవారు. వందల కత్తులు ఒక్కసారి మోగితే చదివేవాడికి ఇంకేం కావాలి? నచ్చకపోతే ఆ మోత ఉండదు. జీతమిచ్చేదీ వాళ్ళే, పుస్తకం ఎంచేదీ వాళ్ళే, మోత మోగించేదీ వాళ్ళే. అమెరికాలో ఫ్లోరిడా రాష్ట్రపు టాంపా కార్ఖానాల్లోకి కూడా ఈ చదువరులు పోయారు. 1931లో అక్కడి యజమానులు వాళ్ళను తీసేసి వాళ్ళ చోట రేడియోలు పెట్టారు. కార్మికులు సమ్మె చేశారు. రేడియో గొంతు తక్కువదని వాళ్ళ ఫిర్యాదు కాదనుకుంటాను. రేడియోకు కత్తి మోత వినబడదు.

4

మరి రేడియోలో కథ పండలేదా? తెలుగులో పండింది. ఎట్లా పండిందో చూడాలి.

ఉషశ్రీ గారు, అసలు పేరు పురాణపండ సూర్యప్రకాశ దీక్షితులు, 1928లో పుట్టి 1990లో పోయారు. ముందు హైదరాబాద్, తర్వాత విజయవాడ ఆకాశవాణి. రామాయణ, భారత, భాగవతాలు చెప్పారు. ధర్మసందేహాలకు జవాబులు చెప్పారు. ఆదివారం మధ్యాహ్నం ఆయన గొంతు వచ్చే వేళకు భోజనాలు ముగించుకుని రేడియో చుట్టూ చేరిన ఇళ్ళు ఎన్నో.

ఆయన గొంతులో సంగీతం లేదు, గాంభీర్యం ఉంది. గాంభీర్యం చాలామందికి ఉంటుంది. ఆయనకే ఉన్నది మందలింపు. ఎదురుగా ఎవరో కూర్చుని అనుమానపడుతున్నట్టు, ఆ అనుమానం ఆయనకు వినబడినట్టు, విసుక్కుని, మళ్ళీ మెత్తబడి చెప్పేవారు. మూసిన గదిలో మైకు ముందు ఒక్కరే ఉన్న మనిషి మనల్ని దబాయించారు. దబాయించాలంటే ఎదుటివాడు ఏమంటాడో ముందు ఊహించాలి. పైగా శ్రోతలు ఉత్తరాలు రాసేవారు, ఆయన వాటికి జవాబిచ్చేవారు. ప్రధాన్ ముందు తల ఎత్తిన ముసలాయన ఇక్కడ ఇన్‌లాండ్ కవరులో వచ్చాడన్నమాట.

ఘంటసాల గారి భగవద్గీత ఇంకో రకం. 1974 ఫిబ్రవరిలో ఆయన పోయాక ఆ రికార్డు జనంలోకి వచ్చింది. శ్లోకం పాడి, వెంటనే తాత్పర్యం మామూలు మాటల్లో చదువుతారు. పాటను అందరూ పొగుడుతారు. నేను తాత్పర్యం దగ్గర ఆగుతాను. అలసిన గొంతు, అలంకారం లేదు, ఒక్కో మాట కింద పెట్టి పోతున్నట్టు ఉంటుంది. తెలుగిళ్ళలో ఎక్కువమంది విన్న గద్య పఠనం ఏదంటే బహుశా అదే. కానీ దాని గతి చూడండి. వైకుంఠ రథం మీద అదే, చావింటి ముందు షామియానాలో అదే. ఇప్పుడు పొద్దున్నే ఎవరింట్లోనైనా ఆ గొంతు వినబడితే పక్కింటివాళ్ళు తలుపు తీసి చూస్తారు. చదివిన మనిషి అనుకున్న అర్థం ఒకటి, విన్నవాళ్ళు దాన్ని తీసుకెళ్ళి పెట్టుకున్న చోటు ఇంకొకటి. శ్రోత బలం ఇంత.

మన ఆదిలాబాద్ ఆకాశవాణి కేంద్రం 1986 నుంచి నడుస్తోంది. గోండీలో కార్యక్రమాలు వస్తాయి. గుట్ట మీద గాలి సరిగ్గా ఉంటే ఇక్కడా పట్టుకుంటుంది, మీకు నాకంటే బాగా తెలుసు.

5

ఇప్పుడు ఆడియో పుస్తకం గది. దీని గురించి కొంచెం ఎక్కువసేపు మాట్లాడతాను, పని లోపలి సంగతులు ఉన్నాయి కనుక.

గది చిన్నది. గోడలకు ఫోమ్. ఫ్యాను ఉండదు, ఏసీ ఆపేస్తారు. మైకు ముందు గుండ్రటి జాలీ ఒకటి, ఫ, భ లాంటి అక్షరాల గాలి తగలకుండా. కుర్చీ కిర్రుమనకూడదు, చేతికి గాజులుండకూడదు, కాగితం తిప్పిన చప్పుడు రాకూడదు కనుక ఇప్పుడు ట్యాబ్ చూసి చదువుతున్నారు. ఆకలితో పోతే కడుపు చప్పుడు మైకులో పడుతుంది. నోరు ఎండితే నాలుక టిక్కుమంటుంది, దానికి పుల్ల యాపిల్ ముక్క కొరికేవాళ్ళున్నారు. ఒక గంట కథ చేతికి రావాలంటే చదివేవాళ్ళు గదిలో కనీసం రెండు గంటలు కూర్చోవాలి. తప్పులు దిద్దే పని ఆ తర్వాత.

ఇవి ఏ భాషకైనా ఒకటే. తెలుగు పెట్టే చిక్కు వేరు. మన వాక్యంలో క్రియ చివర్న వస్తుంది. ఎవరన్నారు, ఎట్లా అన్నారు అన్నది మాట అయిపోయాక తెలుస్తుంది. ఒక పాత్ర పెద్ద మాట మాట్లాడుతుంది, కొటేషన్ మూసుకుంటుంది, అప్పుడు 'అంది అత్త, ఏడుపు ఆపుకుంటూ' అని రాసి ఉంటుంది. చదివేవాడు అప్పటికే ఆ మాటను కోపంగా చదివేసి ఉంటాడు. అత్త మాటను కోడలి గొంతుతో చదివేసి ఉంటాడు. అందుకని తెలుగు కథను తొలిసారి చూస్తూ పైకి చదవడం కుదరదు. వాక్యం కొసకు ముందే పోయి, అక్కడేముందో చూసుకుని, వెనక్కి వచ్చి మొదలుపెట్టాలి. సారు ఉత్తరాన్ని ముందు తనలో చదువుకునేది ఇందుకే. కొడుక్కి జ్వరం వచ్చి తగ్గిందని రాసిన వాక్యంలో తగ్గిన సంగతి చివర్న ఉంటుంది. తల్లికి అది మొదటి మాట నుంచే గొంతులో తెలియాలి.

గురజాడ 'దిద్దుబాటు' 1910 నాటిది. కథ మొదలవడమే ఒక మగ గొంతుతో మొదలవుతుంది, తలుపు తీయమంటూ. ఎవరు, ఎక్కడినుంచి వచ్చాడు, ఏమీ చెప్పలేదు. లోపలి నుంచి జవాబూ రాదు. కంటితో చదివితే ఒక్క క్షణం. గొంతుతో చదివేవాడికి అక్కడ పెద్ద పని ఉంది. ఆలస్యంగా ఇల్లు చేరిన భర్త గోపాలరావుకు ఉండే అదురు, దాని మీద కప్పిన అధికారం రెండూ ఆ పిలుపులో పలకాలి. అన్నిటికంటే ముఖ్యం, పిలిచాక ఎంతసేపు ఊరుకోవాలన్నది. జవాబు రాని ఆ కాసేపట్లో శ్రోత గోపాలరావుతో పాటు గుమ్మంలో నిలబడతాడు. తక్కువ ఆగితే కథ జారిపోతుంది. ఎక్కువ ఆగితే ఫోన్ ఆగిపోయిందేమోనని చూసుకుంటాడు. ఈ కొలత ఏ పుస్తకంలోనూ రాసి ఉండదు. ఎదుట మనుషులు ఊఁ కొడుతుండగా కథలు చెప్పిన అలవాటు ఉంటే తెలుస్తుంది. లేకపోతే తెలియడానికి చాలా కాలం పడుతుంది.

6

ఇష్టమైన చదువరులు ఎవరని ఎవరినైనా అడిగితే ఎక్కువగా పాత్రకో గొంతు పెట్టినవాళ్ళ పేరు చెబుతారు. ఇంగ్లీషులో హ్యారీ పాటర్ పుస్తకాలు చదివిన జిమ్ డేల్ ఒకే పుస్తకంలో 134 గొంతులు పలికాడని గిన్నిస్ పుస్తకంలోకి ఎక్కింది. గొప్ప విద్యే. నేను కాదనను. కానీ కాసేపటికి నేను కథ వదిలేసి ఆయన్ని వింటుంటాను. ఇది నా రుచి, మీరు ఒప్పుకోనక్కర్లేదు.

నా వైపు ఒక పాత సాక్ష్యం ఉంది. బ్రిటన్‌లో అంధుల కోసం 1935లో మాట్లాడే పుస్తకాలు మొదలయ్యాయి. మొదటి ప్రపంచ యుద్ధంలో కళ్ళు పోయిన సైనికులు వాటి కోసం ఎదురుచూసినవాళ్ళలో ముందున్నారు. ఒక్కో పక్క ఇరవై అయిదు నిమిషాలు నడిచే పెద్ద రికార్డు పళ్ళేల మీద నవలలు. మొదట వచ్చినవాటిలో అగాథా క్రిస్టీ, జోసెఫ్ కాన్రాడ్ ఉన్నారు. ఎట్లా చదవాలన్న తగవు అప్పుడే లేచింది. వినేవాళ్ళలో చాలామంది నాటకం వద్దన్నారు. కథ మాకివ్వండి, బొమ్మ మేమే గీసుకుంటాం అన్నది వాళ్ళ పట్టు. రోజూ గంటలకొద్దీ వినేవాళ్ళు, వినడం తప్ప వేరే దారి లేనివాళ్ళు చెప్పిన మాట అది. నేను దానికి ఎక్కువ విలువ ఇస్తాను.

తెలుగులో ముళ్ళపూడి వెంకటరమణ ఆత్మకథ 'కోతి కొమ్మచ్చి'ని ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యం చదివారు. ఎంతమందికి గొంతు అరువిచ్చిన మనిషి ఆయన! కావాలంటే పేజీకి పది గొంతులు పలకగలిగేవాడు. చాలాచోట్ల పలకలేదు. రమణగారి ఆకలి రోజుల గురించి చదివేటప్పుడు నవ్వు ఆపుకున్నట్టు, ఇంకో క్షణంలో ఏడుపు ఆపుకున్నట్టు ఉంటుంది. పుస్తకం రాసిన మనిషిని ఎరిగినవాడు, ఆయన మాట చెడకుండా అప్పజెప్పాలని చూస్తున్నట్టుగా ఉంటుంది. వినోదం కోసం విన్నవాళ్ళు కూడా మళ్ళీ మళ్ళీ వింటున్నారంటే ఆ అణకువ కారణమని నా నమ్మకం.

ఇప్పుడు దాసుభాషితం లాంటి యాప్‌లు, హర్షణీయం లాంటి కథల పాడ్‌కాస్ట్‌లు ఉన్నాయి. కాలిఫోర్నియాలో కూర్చుని కిరణ్ ప్రభ గారు గంటలకొద్దీ సాహిత్యం చెబుతుంటే ఇక్కడ పొలంలో ఇయర్‌ఫోన్ పెట్టుకుని వింటున్నారు. ఆయనది రాసింది చదవడం కన్నా ఎదురుగా కూర్చుని చెప్పడానికి దగ్గర. అందుకే నిడివి బరువు తెలియదు.

7

చివరగా జివతికి వస్తాను. అల్లం రాజయ్య, సాహు కలిసి రాసిన 'కొమురం భీం' నవల 1983లో వచ్చింది. గుట్ట దిగితే భీం పోరాడిన జోడేఘాట్. కథంతా మీ చుట్టుపక్కలది. దాన్ని ఆడియో పుస్తకంగా చదవాలంటే ఎవరు చదవాలి? హైదరాబాద్ స్టూడియోలో చక్కటి ఉచ్చారణ ఉన్నవాళ్ళు దొరుకుతారు. గోండు పేర్లు, ఊళ్ళ పేర్లు, దేవతల పేర్లు వచ్చేసరికి వాళ్ళు ఎక్కడ నొక్కాలో తెలియక అన్నిటినీ ఒకేలా నొక్కుతారు. అట్లాగని యాస పెట్టి చదివితే సరిపోతుందా అంటే, యాసను అనుకరించే చదువు నాకు అసలు పడదు. ఊరివాళ్ళని ఎగతాళి చేసినట్టు ఉంటుంది. ఆ పేర్లు రోజూ నోట్లో నలిగినవాళ్ళు తమ మామూలు గొంతుతో చదివితే చాలు. మరాఠీ ఇంట్లో పుట్టి గోండీలో కథ చెప్పే ప్రధాన్లు ఉన్న చోట ఫలానా భాషవాడే చదవాలనే పట్టింపు కూడా పెట్టుకోలేం. పెట్టుకోవలసింది వినేవాళ్ళను.

మెషిన్ గొంతు సంగతి అడుగుతారని తెలుసు. ఇప్పుడు తెలుగును అది బాగానే చదువుతోంది. 'అన్నాడు' కోసం వాక్యం కొసకు పోయి రావడం కూడా నేర్చుకుంటుంది, నాకు అనుమానం లేదు. దాని గురించి నాకు వేరే బాధ ఉంది. ఇవాళ చదివేవాళ్ళకు పూర్తయిన గంటకింత అని డబ్బు ఇస్తారు. శ్రోత ఎక్కడ విని ఎక్కడ మానేశాడో, ఎక్కడ విసుగొచ్చి వేగం ఒకటిన్నరకు పెంచాడో యాప్‌కు తెలుస్తుంది. చదివిన మనిషికి ఎవరూ చెప్పరు. కత్తి మోత ఉంది, పీట మీది మనిషి చెవికే చేరడం లేదు. అట్లాంటప్పుడు మనిషి గొంతు కూడా మెషిన్‌లాగే చదవడం మొదలుపెడుతుంది. తక్కువ ఖర్చులో అదే పని చేసేది దొరికితే కంపెనీ దాన్నే తెచ్చుకుంటుంది. అప్పుడు ఎవరిని తప్పు పట్టగలం?

అందుకని నాదొక కోరిక. 'కొమురం భీం'ను రికార్డు చేయడానికి ముందు ఇక్కడే, ఈ హాల్లోనే, వారానికో అధ్యాయం చొప్పున పైకి చదివిద్దాం. గోండు పెద్దలు రావాలి, కోలాం గూడేల వాళ్ళు రావాలి, మరాఠీ మాత్రమే వచ్చిన వాళ్ళు కూడా రావాలి. ఏ పేరు తప్పు పలికినా, ఎక్కడ తొందరపడినా, ఎక్కడ అర్థం కాకపోయినా చేయెత్తి ఆపాలి. ఆగిన చోటల్లా పుస్తకంలో పెన్సిల్‌తో గీత పెట్టుకుని, ఆ పుస్తకంతోనే స్టూడియోకు పోవాలి. అద్దె ఖర్చు తలా కొంత వేసుకుందాం. ధాన్యం కూడా తీసుకుంటాం.

మొదటి అధ్యాయం చదవడానికి నా మనసులో ఇద్దరున్నారు. ఇద్దరూ సారు దగ్గర చదువుకున్నవాళ్ళే, ఈ సభలోనే కూర్చున్నారు. భోజనాల దగ్గర పట్టుకుంటాను. ఆపే పని మీది.